ఆవిరక్క పెట్టని సంతకం

ఆ సూదిమందుల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ల్యాబ్ వాళ్ళ దాకా అందరికీ ఆవిరక్కే. పద్దెనిమిదేళ్ళుగా ఆటోక్లేవ్ నడుపుతోంది కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ఆటోక్లేవ్ అంటే మనిషి తల వంచకుండా లోపలికి నడవగలిగేంత ఇనుప గది. నింపి మూత బిగించిన గాజు సీసాలను ట్రేలలో పేర్చి, చక్రాల బండి మీద లోపలికి తోసి, తలుపు బిగిస్తారు. గాలంతా బయటికి లాగేసి ఆవిరి వదులుతారు. నూట ఇరవై ఒక్క డిగ్రీల వేడి, ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలయ్యేసరికి ఏ సీసాలోనూ ప్రాణమున్న క్రిమి అన్నది మిగలకూడదు. మిగిలిందా, సూదిలోంచి తిన్నగా రోగి నెత్తుట్లోకి పోతుంది.

ఇరవై రెండేళ్ళ వయసులో సీసాలు కడిగే పనికి చేరిందామె. పదో తరగతి పాసైన కాగితం ఒకటీ, అక్కడే స్టోర్సులో పనిచేసే బావగారి సిఫారసు ఒకటీ, అంతకు మించి చేతిలో ఏమీ లేదు. అప్పట్లో ఆటోక్లేవ్ నడిపే పెద్దాయనకు ఎవరితోనూ పొసగేది కాదు. భోజనం వేళ ఈమె వెళ్ళి ఆయన పక్కన నిలబడి, మిషన్లోంచి వచ్చే కాగితం మీద ఆ గీతలేమిటని అడిగేది. రెండు నెలలు విసుక్కుని, మూడో నెలలో చెప్పడం మొదలెట్టాడు. లోపల ఎనిమిది చోట్ల వేడిని కొలిచే తీగలుంటాయి, ఒక్కో తీగకు ఒక్కో గీత. ఎనిమిదీ కలిసి ఎక్కాలి, కలిసి నిలబడాలి. ఏడు బాగున్నాయి కదా అని ఎనిమిదోదాన్ని వదిలేసేవాడు ఈ పనికి పనికిరాడని ఆయన లెక్క.

నాలుగేళ్ళ తర్వాత ఆయన రిటైరవుతూ, తన చోట ఈమె తప్ప ఇంకెవరూ వద్దని పట్టుబట్టాడు. ఆఫీసులో పెద్దలు గొణిగారు. ఆడమనిషి ఆవిరి దగ్గర ఎలా నిలబడుతుందని ఒకాయన ఆమెనే అడిగాడు. "వంటింట్లో నిలబెట్టినప్పుడు ఎవరూ అడగలేదు సార్" అంది. ఉద్యోగం ఈమెదైంది.

అప్పటినుంచీ ఆ గది ఆమె రాజ్యం. గోళ్ళు పెరిగినా, జుట్టు టోపీ దాటినా, మాస్కు మీంచి ముక్కు తొంగిచూసినా, ఎంత పెద్దవాళ్ళనైనా గుమ్మంలోంచే తిప్పి పంపేది. ఒకసారి మేనేజరు వెంట వచ్చిన అతిథులు ఆరుగురినీ అలా పంపించింది. మొండిఘటం అన్నారు. అననీ అనుకుంది.

ఆ రోజు ఉదయం షిఫ్టులో ఇంజెక్షన్ నీళ్ళ లోడు పడింది. పొడి మందును కరిగించడానికి వాడే నీళ్ళు, చిన్న చిన్న సీసాలు, పదకొండు వేలు. ఇరవై నిమిషాలూ గడిచాయి, మిషను పాసైనట్టు పచ్చ దీపం వెలిగించింది. ఆవిరక్క కాగితం చింపి వెలుతురులో పట్టుకుంది. ఎనిమిదో గీత, అంటే అడుగున నీళ్ళు పోయే గొట్టం దగ్గరిది, మధ్యలో నూట పదిహేడుకు జారి, అయిదు నిమిషాలు అక్కడే ఉండి, మళ్ళీ మెల్లగా ఎక్కింది. పాత మిషను, నిమిషాలు లెక్కపెట్టే దాని గడియారం మూడో తీగను మాత్రమే చూసుకుంటుంది. అందుకే పచ్చ దీపం.

ఆమె బండికి ఎర్ర చీటీ కట్టింది. రికార్డులో సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా వదిలి, పక్కన "ఎనిమిదో గీత పడింది, ఈ లోడు ఒప్పుకోను" అని రాసింది. ఆ షిఫ్టులో మిషను నడిపిన మనిషి సంతకం లేకుండా సరుకు గేటు దాటదు. అది కంపెనీ పెట్టిన రూలే.

కబురు అందగానే మేనేజరు వచ్చాడు. చేరి ఎనిమిది నెలలైంది. చెడ్డవాడు కాదు, తొందరమనిషి. గేటు దగ్గర లారీ నిలబడి ఉంది, పైనుంచి ఫోన్లు. తీగ చెడిపోయి ఉంటుందన్నాడు. అయితే పరీక్ష చేయించమంది. మెకానిక్ వచ్చి చూసి, తీగ నిక్షేపంలా ఉందన్నాడు. మేనేజరు గొంతు తగ్గించాడు.

"అమ్మా, అవి వట్టి నీళ్ళే కదా. మందు కూడా కాదు."

"నీళ్ళు కాబట్టే సార్. మందులో పడితే క్రిమి చచ్చినా చావచ్చు. నీళ్ళలో అయితే హాయిగా కాపురం పెడుతుంది."

మర్నాడు ఆమెను పనివాళ్ళ గౌన్లు ఉతికే లాండ్రీకి మార్చారు. తాత్కాలికం అన్నారు. ఆటోక్లేవ్ దగ్గరికి వేరే సెక్షన్ నుంచి కొత్త మనిషిని తెచ్చారు. ఆవిరక్క వెళ్ళి గౌన్లు ఉతికింది, ఆరేసింది, మడిచింది. దారిలో ఎదురైనవాళ్ళు జాలిగా చూస్తే తిరిగి వాళ్ళనే ఎగాదిగా చూసింది.

ఆ లోడులోంచి ఇరవై సీసాలు తీసి ల్యాబ్‌కి పంపారు. వాటిలోని నీళ్ళను క్రిములకు ఇష్టమైన ద్రవమున్న గాజు గొట్టాల్లో కలిపి పద్నాలుగు రోజులు వెచ్చగా ఉంచుతారు. క్రిమి ఉంటే ద్రవం కలకబారుతుంది. ఇరవై గొట్టాలూ తేటగానే ఉన్నాయి. మేనేజరు ఆ రిపోర్టు పట్టుకుని లాండ్రీకి వచ్చాడు. ఆమె తడి చేతులు తుడుచుకుని, కాగితం తీసుకుని, ఫలితం ఉన్న చోటు వదిలేసి ట్రే నంబర్లున్న చోటు చూసింది.

"ఇవన్నీ పై అరల ట్రేలు సార్. గీత పడింది అడుగున."

ఆ మాటతో ఆయనకు ఒళ్ళు మండింది. సాయంత్రానికి మెమో వచ్చింది. ట్రేలు పేర్చడంలో ఆపరేటరు నిర్లక్ష్యం వల్లే గీత పడిందనీ, తప్పు ఒప్పుకుని లోడు మీద సంతకం చేయకపోతే సస్పెండ్ చేస్తామనీ దాని సారాంశం. ఆమె దాని కిందే "ఒప్పుకోను" అని రాసి, తేదీ వేసి తిప్పి పంపింది.

ఆ ఆదివారం పొద్దున్నే బావగారు ఇంటికొచ్చాడు. తను ఇప్పించిన ఉద్యోగం కాబట్టి తన పరువు పోతోందని ఆయన బాధ. కుర్చీలో కూర్చుని గంటసేపు హితబోధ చేశాడు. ఉద్యోగమన్నాక పట్టూవిడుపూ ఉండాలన్నాడు, పదో తరగతి చదువుతో ఇంజనీర్లకు ఎదురు నిలిస్తే ఎలాగన్నాడు. సిటీ బస్సు నడిపే ఆమె భర్త గోడకానుకుని వింటున్నాడు. మాట తక్కువ మనిషి. బ్రేకు పట్టని బండి తానూ డిపోలోంచి తీయనని మాత్రం అన్నాడు.

మూల మంచం మీద మందుల డబ్బా సర్దుకుంటున్న అత్తగారికీ ఈమెకూ పాతికేళ్ళుగా ఉప్పూ నిప్పే. ఇంటికి రాగానే చేతులు అంతసేపు రుద్దుకునే కోడలు లోకంలో ఇంకెక్కడా ఉండదని ముసలావిడ రోజూ దెప్పేది. ఇప్పుడూ కోడలికి నాలుగు తగులుతాయనే పెద్దకొడుకు ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా. ఒక్క సంతకం, ఎంతసేపు?"

"అంత తేలికైన పనైతే నువ్వే పెట్టరాదురా పెద్దాడా" అంది ముసలావిడ, డబ్బా మూత వేస్తూ.

బావగారు కాఫీ సగం వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆవిరక్క కూర్చుని మూడు పేజీల ఉత్తరం రాసింది. హెడ్డాఫీసులో నాణ్యత విభాగానికి పెద్దగా ఉన్న మేడంకి. జరిగింది జరిగినట్టు రాసి, చివర మిషను లాగ్‌బుక్కులోంచి మూడు తేదీలు ఎత్తి రాసింది. అడుగు గొట్టానికున్న జల్లెడ విప్పి శుభ్రం చేయాలని ఆ మూడు రోజులూ తను రాసిపెట్టింది, మూడుసార్లూ మిషను ఆపడం కుదరదని ఎవరో దాన్ని దాటేశారు.

మేడం నాలుగో రోజున వచ్చింది. ఎవరినీ కేకలేయలేదు. ఆవిరక్కను పిలిచి కాగితం మీద గీత చూపించమంది, చూసింది. అడుగు ట్రేల సీసాలు ఇరవై తీసి పరీక్ష పెట్టమంది. జల్లెడ తన ఎదుటే విప్పించింది. అందులో పగిలిన గాజు పెంకులూ, రబ్బరు మూతల పొట్టూ గట్టిగా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆవిరి చల్లారి నీరైనప్పుడు ఆ నీరు బయటికి పోలేక అడుగున నిలిచింది, నిలిచిన చోట వేడి తగ్గింది.

పరీక్ష పెట్టిన తొమ్మిదో రోజున మూడు గొట్టాలు కలకబారాయి. పదకొండు వేల సీసాలూ నుగ్గు చేయించారు.

మర్నాడే మేనేజరు లాండ్రీకి వచ్చి, సోమవారం నుంచి ఆటోక్లేవ్ దగ్గరికి రమ్మన్నాడు. ఆవిరక్క గౌను మడత పెడుతూనే, మెమో సంగతేమిటని అడిగింది. ఇంక దానికి విలువేముంది, అదే పోతుందన్నాడు.

"అదే పోదు సార్. రాసింది మీరు, కొట్టెయ్యాల్సిందీ మీరే. నిర్లక్ష్యం అన్న మాట నా ఫైల్లో ఉన్నన్నాళ్ళూ నేను ఇక్కడే ఉతుకుతాను."

ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. ఆమె అన్నంత పనీ చేసింది. సోమవారం రాలేదు, మంగళవారం రాలేదు. కొత్త మనిషికి ఆ పాత మిషను లొంగలేదు, లోడులు వరండాలో బారులు తీరాయి. భయం లేదా అని తోటివాళ్ళు అడిగితే, ఉందనే చెప్పింది. రాత్రుళ్ళు నిద్ర సరిగా పట్టడం లేదని కూడా చెప్పింది. అయినా కదల్లేదు.

ఆ సోమవారం నుంచి పదకొండో రోజున మేనేజరు ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ బల్ల మీద పరిచి, మెమో మీద అడ్డంగా గీత గీసి, సంతకం చేసి, తేదీ వేసి ఆమె వైపు తోశాడు. ఆమె ఆసాంతం చదివింది.

"కారణం రాయలేదు సార్. ఏది కొట్టేసినా కారణం రాయాలని రూలు. మాకు నేర్పింది మీరే."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. పెన్ను మళ్ళీ తీసి, "ఆపరేటరు తప్పు లేదు, ఆమె ఆపడం సరైనది" అని రాశాడు. రెండో ముక్క ఆమె అడిగింది కాదు.

ఆవిరక్క లాండ్రీ ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది. చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, టోపీలోకి జుట్టు దోపుకుని, ఆటోక్లేవ్ గదిలోకి వెళ్ళింది. వరండాలో నాలుగు లోడులు ఎదురుచూస్తున్నాయి. ఎంతసేపట్లో మొదటిది లోపలికి పోతుందని వెనకే వచ్చిన మేనేజరు అద్దం అవతలినుంచి సైగ చేశాడు. ఆమె ముందు నేల మీద కూర్చుని, పాన పట్టుకుని, జల్లెడ బోల్టులు ఒక్కొక్కటే విప్పసాగింది.