నిహారిక జ్వరం, రామచంద్రం విజిల్

రామచంద్రం ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై మక్తల్ దగ్గరి సొంతూరికి వచ్చేశాడు గానీ, ఉద్యోగం ఆయన్ను వదల్లేదు. పెళ్లి భోజనాల్లో కూడా "లోపలికి జరగండి" అంటూ జనాన్ని సర్దేవాడు.

ఆ మధ్య ఒక థర్మామీటర్ కొన్నాడు. టికెట్ల మిషను తిరిగొచ్చినంత సంబరం. భార్య అండాలుకు, పాలవాడికి, చివరికి బర్రెకు కూడా పెట్టి చూశాడు. బర్రె తన్నింది. రెండేళ్ల మనవరాలు నిహారిక ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఎత్తుకుని మక్తల్ దవాఖానకు పరుగు. అక్కడి నర్సు గుర్వమ్మకు విసుగొచ్చింది.

"పెద్దయ్యా, పోరి బిస్కెట్ తింటాంది, నా చెప్పులు ఎత్కపోతాంది. అంకె జూసి ఆగం గాకు, పిల్లను జూడు. నీళ్లు తాగుతలేదా, లేపితే లేస్తలేదా, ఉచ్చ పోస్తలేదా, డొక్కలు గుంజుకుంట గబగబ ఊపిరి తీస్తాందా, గప్పుడు జర గూడ ఆగకుండ ఉరికిరా" అంది.

మిషను కన్నా ఈమెకు ఎక్కువ తెలుసా అని రామచంద్రం దారంతా గొణిగాడు.

వానాకాలంలో ఒక పొద్దున, కొడుకూ కోడలూ పత్తి చేనుకు పోయాక, దగ్గుతో పడుకున్న నిహారికకు థర్మామీటర్ పెట్టాడు. నూటికి కాస్త పైన.

"నిన్నటి కంటె దిగింది. పండనియ్యి" అంది అండాలు.

ఆయనకూ అదే అనిపించింది. కానీ ఎప్పుడూ థర్మామీటర్‌ను లాక్కుని కుడితి తొట్లో వేసే పిల్ల, ఇవాళ లేపిన చేతిని లేపినట్టే ఉంచింది. పాత విజిల్ చూపించాడు. దాని కోసం రోజూ యుద్ధం చేసేది, ఒకసారి చూసి కళ్లు మూసుకుంది. గౌను పైకెత్తాడు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. పాదాలు చల్లగా ఉన్నాయి. చెంచాతో పోసిన నీళ్లు పెదవి మీదుగా జారిపోయాయి.

"ఉచ్చ పోసిందా?"

"రాత్రి కెల్లి లాగు పొడిగనే ఉంది. నూరే ఉందంటివి గద?"

"మిషన్ గట్లనే అంటది. నువ్వు చెప్పులేస్కో."

పిల్లను ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చి, ఏదైనా బండిని పిలుద్దామని ఫోను తీసేలోపే మక్తల్ బస్సు ఎదురుగా వచ్చి ఆగింది. ఎక్కుతూనే విజిల్ ఊదాడు.

"వెంకటేశ్, ఇగ యాడ ఆపకు. పిల్లకు పానం బాగలేదు."

డ్రైవరు వెంకటేశ్ ఒకప్పుడు ఆయనతో పనిచేసినవాడే. అద్దంలోంచి పిల్లను చూసి గేరు వేశాడు.

"పెద్దయ్యా, కండక్టర్ను నేను గదా" అంది శ్రీవాణి.

"అయితె నువ్వే ఊదు."

ఆమె పిల్ల ముఖం చూసింది, గట్టిగా ఊదింది. ఉల్లిగడ్డల మూటతో వెనక సీట్లో ఉన్న రఘుపతి అనే రైతు లేచి, తన ఊరు దాటిపోతోందని మొత్తుకున్నాడు.

"మీ ఊరు యాడికి పోదు. కూసో" అన్నాడు రామచంద్రం.

బస్సు నేరుగా దవాఖాన గేటు ముందే ఆగింది. గుర్వమ్మ "మల్ల ఒచ్చినవా" అని మొదలుపెట్టి, పిల్లను చూడగానే చేతుల్లోంచి అందుకుని లోపలికి పరుగెత్తింది. నిమోనియా అన్నాడు డాక్టరు. ఆక్సిజన్ పెట్టారు, సూదులు వేశారు. ఇంకొంత ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పాడు.

కొన్నాళ్లకు నిహారిక లేచి కూర్చుని, స్టెతస్కోపు పట్టుకుని డాక్టరు వేలు కొరికింది. రామచంద్రం వరండాలోకి వచ్చి, కంట్లో దుమ్ము పడిందన్నాడు.

"కూసొని ఏడువు, కాళ్లు నొస్తయ్" అంది అండాలు, బెంచీ మీద కాస్త జరిగి.