నవాబుకి మందు తగిలిన రోజు

కరీమున్ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఈ మాట చాటుగా అనడం లేదు, ఆమె మొహం మీదే వందసార్లు అన్నాను.

నా పేరు వెంకటేశ్వరమ్మ. పర్చూరు పక్క పల్లె మాది. మూడెకరాల మిరప, ఎకరం పత్తి సాగు చేస్తూ, పదిహేనుమంది ఆడవాళ్ల కూలి ముఠాకి మేస్త్రిగా ఉంటాను. నా నోటికి ఊరంతా జడుస్తుంది. ఆ ముఠాలోనే ఉండే కరీమున్ మాత్రం జడవదు, అలాగని ఎదురూ చెప్పదు. విన్నట్టే తలూపి, తను అనుకున్నదే చేస్తుంది. అలాంటి మనిషితో పోట్లాడటం కంటే గోడకి తల కొట్టుకోవడం నయం.

పనిలో మాత్రం ఆమెకి వంక పెట్టలేం. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లోంచి తాలు ఏరాలి. రంగు పోయి తెల్లబడ్డ కాయే తాలు. అది నాలుగు గుప్పెళ్లు ఎక్కువ కనపడితే చాలు, గుంటూరు యార్డులో కొనేవాడు మూతి విరుస్తాడు. మిగతావాళ్లు కాయని తిప్పి తిప్పి చూస్తారు. కరీమున్ చెయ్యి ఆగదు. ఎండకి వెలిసిన కాయేదో, తెగులుకి తెల్లబడ్డ కాయేదో చూడగానే చెప్పేస్తుంది. నలభై ఆరేళ్లొచ్చినా కళ్లజోడు లేదు. పిల్లల్లేరు. మొగుడు ఖాసిం పోయి పదకొండేళ్లయింది. రేకుల ఇల్లు, వెనక ఒక నిమ్మచెట్టు, అంతే ఆమె సంసారం.

పోయిన జనవరిలో మా చేలో పత్తికట్టె పీకుతుంటే, మిరప వైపు కంచె మొదట్లో ఊసరవెల్లి పిల్ల ఒకటి కనపడింది. నా వేలంత కూడా లేదు. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. దాని గాలి సోకితే మనిషి ఎండిపోతాడంటూ ఒకామె, కళ్లల్లోకి ఉమ్ముతుందంటూ ఇంకొకామె. నేను పత్తికట్టె అందుకున్నాను. ఉన్నమాట చెప్పాలిగా, చంపడానికే. కరీమున్ నా చేతిలోంచి ఆ కట్టె లాక్కుని దాని కాళ్ల ముందు పెట్టింది. అది ఒక కాలు లేపింది, ముందుకి ఊగింది, వెనక్కి ఊగింది, మళ్లీ ఆలోచించుకుని తాపీగా కట్టె ఎక్కింది.

"నవాబుగారి నడక చూడక్కా!" అని కరీమున్ నవ్వింది. ఖాసిం పోయాక ఆమె పళ్లు కనపడేలా నవ్వడం నేను చూడలేదు. అందుకే దాన్ని ఇంటికి పట్టుకుపోతుంటే ఏమీ అనలేకపోయాను.

నిమ్మచెట్టు చుట్టూ పాత దోమతెర కట్టి నవాబుని అందులో పెట్టింది. పనికి వచ్చే ముందు పురుగులు పట్టడం, పని నుంచి వెళ్లాక పురుగులు పట్టడం. కల్లంలో కూర్చుంటే వాడి కబుర్లే. పొద్దున్నే చలికి నల్లగా ఉంటాడట. ఎండ తగిలాక నిమ్మాకు రంగుకొస్తాడట. కోపమొస్తే ఒళ్లంతా చుక్కలట. నిద్రలో పాలిపోతాడట. "ఒసేయ్, నీ మొగుడి గురించి కూడా ఇన్ని కబుర్లు చెప్పలేదే నువ్వు," అని ఎగతాళి చేసేదాన్ని. తలూపి ఊరుకునేది.

ఎగతాళి చేశానే గానీ నాకూ ఆ వెధవ మీద కాస్త మనసు పడింది. ఒకరోజు సాయంత్రం మిరపచేలో గట్టు వెంట వస్తుంటే చిన్న చిన్న మిడతలు కనపడ్డాయి. ఆకుల మీద మందకొడిగా కూర్చున్నాయి. చెయ్యి పెడితే చేతికొచ్చేశాయి, ఒక్కటీ ఎగరలేదు. మజ్జిగ డబ్బా ఖాళీ చేసి ఓ పది పట్టాను. "ఇదిగోనే, మీ నవాబుకి విందు," అని ఇస్తే కరీమున్ మొహం వెలిగిపోయింది. ఇంటికొచ్చి నేనూ సంతోషంగానే అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దెక్కినా ఆమె పనికి రాలేదు. కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. నాకు చిర్రెత్తుకొచ్చి నేనే వాళ్లింటికి పోయాను. దోమతెర పక్కన గొంతుక్కూర్చుని ఉంది.

"ఏమే, నువ్విక్కడ కూచుంటే కాయలెవరు కోస్తారు, మీ నవాబా?"

"బాగాలేడక్కా. ఎండలోనే ఉన్నాడు, రంగు రాలా. పట్టపగలు కళ్లు మూసుకున్నాడు. ఇందాక కొమ్మ మీంచి జారి పడ్డాడు."

వంగి చూశాను. తడిసిన బూడిద రంగులో ఉన్నాడు. కళ్లు గుంటలు పడ్డాయి. మూతి చివర సన్నగా చొంగ.

"ఊసరవెల్లి కదే! రంగు మారక ఇంకేం చేస్తది? నిద్రపోతోంది. మధ్యాన్నానికి అదే లేస్తది, పద పద."

"రంగు మారటం వేరు, రంగు పోవటం వేరక్కా. కాయల్లో నేను ఏరేది ఇదేగా రోజూ." అప్పుడు తలెత్తి నా కళ్లల్లోకి చూసింది. "నిన్న నువ్వు తెచ్చిన మిడతలు ఏ చేలోవి?"

అప్పుడు గుర్తొచ్చింది. నేను మిడతలు పట్టడానికి ముందు రోజే, కూలికి మందు కొట్టే పిచ్చయ్య, అతని మనుషులు ఆ చేనుకి పురుగుమందు కొట్టి పోయారు. ఎగరని మిడతలు, చేతికొచ్చిన మిడతలు! ముప్పై ఏళ్లు సేద్యం చేసినదాన్ని, ఎందుకు ఎగరలేదని ఒక్క క్షణం ఆలోచించానా? సులువుగా దొరికాయని మురిసిపోయాను.

"మన మిరపచేలోవే," అన్నాను.

ఇక్కడ ఒక సంగతి దాచితే నేను మనిషిని కాను. పదకొండేళ్ల కిందట ఖాసిం పురుగుమందు కొట్టింది కూడా మా చేలోనే. మధ్యాహ్నం ఇంటికొచ్చి తూలిపోతూ, చెమటలు కక్కుతూ, చొంగ కారుస్తూ పడిపోయాడు. కరీమున్ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నేను పోయి చూసి, "తాగి పడ్డాడే. మజ్జిగ పట్టి పడుకోబెట్టు, సాయంత్రానికి అదే దిగుద్ది," అన్నాను. ఖాసిం పండక్కీ పబ్బానికీ తాగేవాడు గనక ఆమె నా మాట నమ్మింది. సాయంత్రందాకా ఆగింది. చీకటి పడ్డాక ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి చెయ్యి దాటిపోయింది. ఆ తర్వాత ఏటా రంజానుకి ఆమెకి చీర పెడుతూ వచ్చాను. పని తప్పకుండా ఇస్తూ వచ్చాను. ఆ మాట మాత్రం ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఆ పొద్దున కరీమున్ నన్ను సలహా అడగలేదు. నవాబుని మళ్లీ కొమ్మ మీద ఆనించి, ఆ కొమ్మని కోసి, ప్లాస్టిక్ బుట్టలో నిలబెట్టి, పైన పల్చటి గుడ్డ కప్పింది. "ఆటోని పిలువక్కా," అంది. ఇరవై ఏళ్లలో ఆమె నాకు పని చెప్పడం అదే మొదలు. నేను నోరు మూసుకుని పిలిచాను. దారిలో ఆటో గుంతలో పడ్డప్పుడల్లా, "ఒరేయ్, నెమ్మదిగా పోనీరా, లోపల ప్రాణం ఉంది!" అని అరిచింది కూడా నేనే.

పశువుల ఆసుపత్రిలో అటెండరు బుట్టలోకి తొంగిచూసి పకపకా నవ్వాడు. "ఇది గొడ్ల ఆసుపత్రమ్మా, జూ కాదు. ఆ చెట్టు మీద వదిలేసి పోండి." కరీమున్ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. డాక్టరమ్మ చూసేదాకా కదలనంది. వెనక దూడని తోలుకొచ్చినాయన గోల పెట్టినా కదల్లేదు. ఆ గొడవకి డాక్టరు హేమశ్రీగారే బయటికొచ్చారు. చిన్నపిల్ల, ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

"నిన్న పొద్దుగూకే ముందు ఆరు మిడతలు తిన్నాడమ్మా," కరీమున్ తడుముకోకుండా చెప్పింది. "తెల్లారి చూస్తే చొంగ. ఎండొచ్చినా రంగు రాలా. ఎనిమిదింటికి కళ్లు మూశాడు. కొమ్మ పట్టుకోలేకపోతున్నాడు, కాళ్లు వణుకుతున్నాయి. ఆ మిడతలకి మందు తగిలుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఉన్నమాట చెప్తానమ్మా, నేను ఊసరవెల్లికి ఎప్పుడూ వైద్యం చెయ్యలేదు. కానీ మందు తగిలిన గొడ్లని ఈ సీజన్‌లో వారానికి రెండు చూస్తుంటా. మీరు చెప్పేవన్నీ ఆ లక్షణాలే. ఇంతకీ ఏం మందు కొట్టారు?"

కరీమున్ నా వైపు చూసింది. నాకు పేరు తెలిస్తేగా! ఏది కొట్టాలో షాపువాడు చెబుతాడు, పిచ్చయ్య కొడతాడు, మా ఊళ్లో సేద్యం ఇంతే. "నీలం డబ్బా అండి," అన్నాను సిగ్గులేకుండా. పిచ్చయ్యకి ఫోన్ చేసి, పారేసిన డబ్బాని గట్టు మీద వెతికించి, దాని ఫొటో తెప్పించేసరికి నాకు ముచ్చెమటలు పోశాయి. డాక్టరమ్మ ఆ ఫొటో చూసి, జూలో పనిచేసే తన సీనియర్‌కి ఫోన్ చేసింది. నవాబుని తూకం వేసి, మోతాదు కనుక్కుని కాగితం మీద రాసుకుంది. మందు తగిలిన బర్రెలకిచ్చే విరుగుడునే బాగా పల్చన చేసి, షుగరువాళ్లు వాడే సన్నసూదితో రవ్వంత ఎక్కించింది.

"బతుకుతాడామ్మా?"

"చెప్పలేను. ఆగకుండా వెంటనే తెచ్చారు, అదొక్కటే మనకి కలిసొచ్చింది."

ఆ మాటకి కరీమున్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు ఊసరవెల్లి కోసం కాదని నాకు తెలుసు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. నోట్లో నీళ్లు పొయ్యొద్దు, ఊపిరి గొట్టంలోకి పోతాయి. తిండి బలవంతంగా కుక్కొద్దు. మాటిమాటికీ చేత్తో పట్టుకోవద్దు. గిన్నెలో పెట్టిన నీళ్లు ఇవి తాగవు, ఆకుల మీద చుక్కలు పడితే నాక్కుంటాయి. చివర్లో ఇంకోటి కూడా చెప్పింది. "దీన్ని ఇంట్లో పెంచుకోవడం చట్టం ఒప్పుకోదమ్మా. కోలుకున్నాక ఫారెస్టువాళ్లకి చెప్పి, దొరికిన చోటే వదిలేయాలి."

"అట్టాగేనమ్మా, ముందు బతకనియ్యండి," అని కరీమున్ ఖాళీ సెలైన్ సీసా ఒకటి అడిగి తీసుకుంది.

ఆ సీసాని కడిగి, నీళ్లు పోసి, నిమ్మచెట్టుకి వేలాడదీసి, గొట్టంలోంచి చుక్క చుక్క ఆకుల మీద పడేలా అమర్చింది. ఆరు రోజులు పనికి రాలేదు. పనికి రానిదానికి కూలెట్లా ఇస్తానని నేను అరిచాను. "ఇవ్వొద్దక్కా," అంది. రెండోరోజు వాడు కళ్లు తెరిచాడు. మూడోరోజు మళ్లీ మూసేశాడు. చొంగ ఆగింది గానీ కాళ్లల్లో పట్టు లేదు. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి, ఇంకెందుకు, పారెయ్యమన్నారు. ఆమె ఎవరి మాటా చెవిన పెట్టలేదు. చెట్టు కింద చాప వేసుకుని అక్కడే కూర్చుంది. నాలుగోరోజు మధ్యాహ్నం ఆకు చివరి చుక్కని నాలుకతో అందుకున్నాడు. ఆరోరోజు ఆమె ఇంటి దీపం దగ్గర పట్టిన రెక్కలపురుగుని గుటుక్కున మింగి, నిమ్మాకు రంగుకొచ్చాడు. ఆ కబురు నాకు ఫోన్‌లో చెప్పింది. నేను, "సర్లే, రేపన్నా పనికి రా," అని పెట్టేశాను. పెట్టేసి ఏడ్చాను.

ఫారెస్టాయన వచ్చి చూశాడు. కాగితం రాసుకున్నాడు. దొరికిన కంచెలోనే వదలమన్నాడు. కరీమున్ బుట్ట పట్టుకుని చేను దాకా వచ్చింది గానీ వదల్లేదు.

"ఇది మందు కొట్టే చేను సార్. ఇక్కడ వదలను."

"ఈ చుట్టుపక్కల మందు కొట్టని చేను ఎక్కడుందో చూపించమ్మా, అక్కడే వదులుదాం," అన్నాడాయన.

తూర్పున మిరప, పడమర పత్తి, కనుచూపు మేర అంతే. చివరికి నేనే అన్నాను. "కంచె పక్క పది సాళ్లకి మందు కొట్టించనే. పురుగు తింటే తిననీ. మాట ఇస్తున్నా." కరీమున్ చాలాసేపు నన్ను చూసింది. తర్వాత కొమ్మని కంచెలో ఆనించింది. నవాబు ఊగి ఊగి, తాపీగా కంచెలోకి పోయాడు.

వారం తిరక్కుండానే పిచ్చయ్యవాళ్లు పంపులతో వచ్చారు. కంచె వైపు పది సాళ్లు వదిలెయ్యమని అతనికి నాలుగుసార్లు చెప్పాను. నేను చేనికి పోయేసరికి, పనిలో ఉండాల్సిన కరీమున్ అక్కడుంది. పదో సాలు మీద, ముక్కుకి కొంగు బిగించి కట్టుకుని, పంపులకి అడ్డంగా నిలబడి ఉంది.

నాకు ఒళ్లు మండింది. "పిచ్చయ్యకి చెప్పానుగా! మాట ఇచ్చానుగా! నా మాట మీద ఆపాటి నమ్మకం లేదటే నీకు?"

"లేదక్కా," అంది కరీమున్. కోపం లేదు ఆ గొంతులో. "ఒకసారి నమ్మా."

పదకొండేళ్లు గొంతులో అడ్డంపడ్డ మాట అప్పుడొచ్చింది. "తప్పు నాదేనే కరీమూ. ఖాసిం తాగలేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పాను. నన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

కరీమున్ సాలు మీద కాస్త పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది. నేనూ కొంగు ముక్కుకి కట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాను. పంపులు ఆగేదాకా ఇద్దరం అక్కణ్ణుంచి కదల్లేదు.