బోర్డు మీద మామయ్య పేరు

అక్క పోయి మూడు వారాలైంది. ఆయాసమని దవాఖానలో చేరిన నాలుగో రోజు పొద్దున కబురొచ్చింది. అందరూ అక్కడికి పరిగెత్తితే నేను మాత్రం నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉన్న మా ఆఫీసుకి వెళ్లాను. తాళం తీసి, ఆమె కుర్చీ వంక చూడలేక, గోడకున్న నల్లబోర్డు ముందు నిలబడి ఏడ్చాను. ఆ బోర్డు గురించి మీకు చెప్పాలి.

అక్క నాకు రక్తసంబంధం కాదు. మేమిద్దరం చేసింది ఎన్నికల సలహాల పని. కార్పొరేటర్‌గా నిలబడేవాళ్లు మా దగ్గరికొస్తారు. ఏ గల్లీలో ఏ బాధ ఉందో తిరిగి తెలుసుకుని, ఏం మాట్లాడాలో, కరపత్రంలో ఏం రాయాలో చెబుతాం. మా పేర్లు ఎక్కడా కనబడవు. గెలిచినాయన అదంతా తన తెలివే అంటాడు, ఓడినాయన మా తెలివి వల్లే అంటాడు.

పాలమూరు వైపు కూలిపని చేసుకునే ఇంట్లో పుట్టి, ఓటరు చీటీలు రాసే పనితో ఈ రంగంలోకి వచ్చింది అక్క. నన్ను చేర్చుకున్న కొత్తలో ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరికి తీసుకెళ్లేది. పుస్తకాలు కొనడానికేమో అని మొదటిసారి సంచి పట్టుకెళ్లాను.

"సంచి ఎందుకు చెల్లె? చెవులు తెచ్చుకున్నవా లేదా?" అంది.

బేరమాడేవాళ్ల పక్కన నిలబెట్టి, ఎవరు ఏమన్నారో తర్వాత చాయ్ దగ్గర అప్పజెప్పించుకునేది. ఒక్క మాట నా సొంతంగా కలిపినా పట్టేసేది.

ఎవరైనా అభ్యర్థి ఇంటికి వెళ్తే మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టేది కాదు. మేం ఇంకా ఎవరెవరికి పని చేస్తున్నామో చెప్పాకే చాయ్. ఆలోపు నా ముందున్న మిర్చి బజ్జీలు చల్లారిపోయేవి. నాకు ఒళ్లు మండేది.

ఆఫీసులో ఆ పని బోర్డు చేసేది. ఏ డివిజన్లో ఎవరికి పని చేస్తున్నామో అక్క సుద్దముక్కతో దాని మీద రాసి, గుమ్మానికి ఎదురుగా తగిలించింది. వచ్చినవాళ్లు ఎంతవాళ్లయినా నిలబడి అది పైకి చదవాలి. ఆ తర్వాతే కుర్చీ. కళ్లజోడు తేలేదని ఒకాయన తప్పించుకోబోతే తన కళ్లజోడు తీసిచ్చింది.

"మేం ఎవరి మనుషులమో తెల్వకుండ మా మాట ఎట్ల నమ్ముతరు సార్?" అంది.

అలాంటి బోర్డుని నేను మోసం చేశాను.

చాలా ఏళ్ల కింద ఒక ఎన్నికలో చాదర్‌ఘాట్ వైపు ఒక డివిజన్లో బట్టలు కుట్టే ఒకావిడ నిలబడింది. టైలరమ్మ అని పిలిచేవాళ్లం. ఆమె కోసం ఇల్లిల్లూ తిరుగుతుంటే నీళ్ల బాధ చెబుతూ ఒక ముసలావిడ, "నల్లా వచ్చే రోజు మా గల్లీల ఎవ్వరం పెండ్లికి గూడ పోం" అంది. అక్క ఆ మాట రాసుకుని మురిసిపోయింది. అదే డివిజన్లో నా సొంత మేనమామ కూడా నామినేషన్ వేశాడు. ఆ సంగతి నేను అక్కకి చెప్పలేదు.

"ఊరందరికీ రాసిపెడతావు, మామయ్య కరపత్రం ఒక్కసారి చూడలేవుటే?" అని మా అమ్మ ఫోన్లో నిష్ఠూరమాడింది.

చూశాను. మరీ చప్పగా ఉంది. 'నల్లా వచ్చే రోజు పెళ్లికి కూడా వెళ్లలేని బతుకులు మనవి' అని మొదటి వాక్యం మార్చి ఇచ్చాను. ఇంటిమనిషికి చేసిన సాయం లెక్కలోకి రాదనుకున్నాను.

వారం తిరక్కుండా అక్క ఆ కరపత్రం పట్టుకుని వచ్చింది.

"ఈయన నీకేమైతడు?"

"మేనమామ."

అరవలేదు. సుద్దముక్క నా చేతిలో పెట్టింది. "బోర్డు మీద ఒక పేరు తక్కువున్నది. రాయి."

"నేనేం డబ్బులు తీసుకోలేదక్కా."

"పైసల ముచ్చట ఎవరడిగిన్రు? ఎవరి తరఫున వచ్చినమని ఆ ముసలామెకు చెప్పినం?"

టైలరమ్మ తరఫున అని చెప్పాం. మామయ్య పేరు రాశాను.

టైలరమ్మని పిలిపించింది అక్క. ఆమె అలవాటు కొద్దీ బోర్డు చదువుతూ కొత్త పేరు దగ్గర ఆగిపోయింది. సంగతి నన్నే చెప్పనిచ్చి అక్క పక్కన నిలబడింది. తర్వాత ఆమె ఇచ్చిన పైకం, మేం రాసుకున్న కాగితాలు అన్నీ ఆమె ముందు పెట్టింది.

"తప్పు మాది వదినె. ఇంక మేం నీకు సలహా చెప్పొద్దు."

టైలరమ్మ అవి తీసుకుని వెళ్లిపోయింది. ఈ సంగతి విని ఇంకో ఇద్దరు అభ్యర్థులు మమ్మల్ని వదిలేశారు. ఆ ఎన్నికలో టైలరమ్మ ఓడింది. మామయ్యా ఓడాడు.

నన్ను తీసేస్తుందనుకున్నాను. మర్నాడు అక్క ఎప్పట్లాగే ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసి ఒకటి నా వైపు జరిపింది. ఎన్నికలయ్యాక బోర్డు తుడుస్తూ మామయ్య పేరు కూడా తుడవబోతే చెయ్యి పట్టుకుంది.

"గా పేరు ఉండనీ చెల్లె. చెప్పుకున్నంక ఫికర్ ఏంది?"

ఆ పేరు మాసినప్పుడల్లా తనే మళ్లీ దిద్దేది. ఇదెవరని వచ్చినవాళ్లు అడిగితే నేనే చెప్పాలి. మొదట్లో బోర్డు వైపు తిరిగి చెప్పేదాన్ని. కానీ ఆ కథ విని కుర్చీలో కూర్చున్నవాళ్లు మళ్లీ మమ్మల్ని అనుమానించలేదు. ఇవాళ నేను తలెత్తుకుని ఈ పని చేస్తున్నానంటే అది అక్క పెట్టిన భిక్షే.

మొన్న సోమవారం, ఆమె లేకుండా ఈ ఆఫీసు నడపగలనా, మూసేద్దామా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. గుమ్మంలో టైలరమ్మ. జుట్టు నెరిసింది. అక్క పోయిన సంగతి తెలిసే వచ్చింది; ఈసారి మళ్లీ నిలబడుతోందట, నేనే పని చెయ్యాలట. ఆ రోజు అలా వెళ్లిపోయాక మా మెట్లెక్కడం ఇదే మొదలు. కంగారుగా కుర్చీ జరిపాను.

"ముందు చదవనీ బిడ్డా" అంది.

ఒక్కో పేరూ పైకి చదివింది. చివరి పేరు దగ్గర, "మీ మామ ఇంక గీడనే ఉన్నడా?" అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. దిద్దే చెయ్యి లేక ఆ పేరు ఒక పక్క మాసిపోయి ఉంది. టైలరమ్మ సుద్దముక్క తీసుకుని ఆ మాసిన అక్షరాలు నెమ్మదిగా దిద్దింది. దాని కింద తన పేరు రాసింది. వేళ్లకంటిన సుద్ద కొంగుకి తుడుచుకుంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.