పెద్దమ్మ చుట్టకు చోటు

మా పాప పుట్టడానికి వారం ముందు అమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. దాంతో అమ్మకు బదులు, పాప పుట్టగానే పెద్దమ్మ సింగపూర్ వచ్చింది. విశాఖపట్నం దాటి ఎరగని మనిషి, ఒక్కతే విమానమెక్కింది. ఒక సంచిలో చీరలు, ఇంకో సంచిలో బాలింత కాయానికి శొంఠి, పిప్పళ్ళు, చిన్న ఇనప రోలు, రేకు డబ్బా నిండా చుట్టలు. పొగాకు తెస్తే చూపించి సుంకం కట్టాలని పక్క సీటతను చెప్పాడట. ఆమె తిన్నగా కస్టమ్స్ బల్ల దగ్గరికి వెళ్ళి డబ్బా మూత తీసి పెట్టేసింది. అక్కడి ఆఫీసరమ్మ వాసన చూసి రెండడుగులు వెనక్కి వేసిందని, ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

కంప్యూటర్ ఉద్యోగాలు జోరు మీదున్న రోజులవి. మా ఆయన తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకుకి ప్రోగ్రాములు రాసేవారు, నాది పాయా లేబర్‌లో ఆఫీసు. అద్దె తక్కువని వుడ్‌ల్యాండ్స్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. మా ఆయనది గుంటూరు. ఏ పనైనా రూలు చదవకుండా మొదలుపెట్టరు. పెద్దమ్మ వచ్చిన సాయంత్రమే ఆమెను సోఫాలో కూర్చోబెట్టి పొగ సంగతి చెప్పారు.

"లిఫ్టులో కాల్చకూడదండీ. బస్సులో, రైల్లో అసలు వద్దు. బస్టాపులో కూడా కొత్తగా ఆపేశారు. హోటళ్ళలో కూడదు. క్యూలో నిలబడ్డప్పుడు కూడదు."

పెద్దమ్మ శ్రద్ధగా విని, "బాగుంది బాబూ. పసిగుంట ఉన్న ఇంట్లో నానెలాగూ ముట్టించను. ఎక్కడ తాగకూడదో సెప్పినావు, ఎక్కడ తాగాలో అదీ సెప్పు మరి" అంది.

మా ఆయన మళ్ళీ కంప్యూటర్ తెరిచి వెతికితే తేలింది: మా బ్లాకు ఎదురుగా ఉన్న హాకర్ సెంటర్‌లో, తినుబండారాల కొట్ల చివర, పొగ తాగేవాళ్ళకని నాలుగు బల్లల చుట్టూ పసుపు గీత గీసి ఉంది. ఆ గీత లోపలైతే ఎవరూ ఏమీ అనరు.

చుట్ట సమస్య తీరిందనుకుంటే రోలు సమస్య వచ్చింది. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని శొంఠి దంచడం మొదలుపెట్టింది. కాసేపటికి తలుపు తట్టిన చప్పుడు. కింది ఫ్లాట్‌లో ఉండే చైనీస్ అంకుల్, నిక్కరూ బనీనుతో, కళ్ళు ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు.

"మేడమ్, నేను ఓడరేవులో నైట్ డ్యూటీ. ఇప్పుడే పడుకున్నాను. పైన టక్ టక్ టక్. నిద్ర లేదు లా" అన్నాడు మెల్లగా, అక్కడందరూ మాట చివర తగిలించే 'లా'తో.

క్షమించమని చెప్పి పంపించాను. మా ఆయన అప్పటికే రూలు చూసేశారు. "చప్పుడు చేయకూడనిది రాత్రిపూట. ఇప్పుడు ఏడు దాటింది. మన తప్పేం లేదు" అన్నారు.

"సట్టం సంగతి నాకెందుకు బాబూ? ఆ మడిసి నిద్దర పోవాల గదా. ఎప్పుడు లెగుస్తాడో కనుక్కోండి, అప్పుడే దంచుకుంతాను" అని పెద్దమ్మ రోలు మూల పెట్టేసింది.

అంకుల్ మధ్యాహ్నం లేచి కాఫీకి కిందికి వెళతాడని తెలిసింది. పెద్దమ్మ దంపుడు ఆ వేళకు మారింది. కాయం తయారయ్యాక బెల్లం కలిపిన ఉండలు రెండు గిన్నెలో పెట్టి నాతో పంపించింది. అంకుల్ ఒకటి అక్కడే నోట్లో వేసుకుని, తన భార్య ప్రసవించినప్పుడు అత్తగారు కూడా ఇలాగే అల్లంతో ఏదో వండి పెట్టేదని చెప్పాడు. గిన్నె తిరిగొచ్చినప్పుడు అందులో కమలాపండ్లున్నాయి.

సాయంత్రం మళ్ళీ కాఫీకి ఆయన కూర్చునేదీ ఆ పసుపు గీత లోపలే. పెద్దమ్మ అక్కడికి వెళ్ళిన మొదటిరోజు నేను పాపతో కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఆమె కూర్చుంది, చుట్ట ముట్టించింది, నాలుగు దమ్ములు లాగి, వెలుగుతున్న కొసను నోట్లోకి తిప్పుకుంది. మా వైపు ఆడవాళ్ళు చాలామంది అడ్డపొగే తాగుతారు. పొలంలో గాలికి ఆరదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. నాకది చిన్నప్పటి నుంచి చూసిందే. అంకుల్ మాత్రం కాఫీ గ్లాసు వదిలేసి లేచి నిలబడ్డాడు. నిప్పు లోపలుందని తన నోరు చూపించి, చేతులు ఊపి చెప్పబోయాడు. పెద్దమ్మ నింపాదిగా తల ఊపింది. చుట్టుపక్కల బల్లల వాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు.

తర్వాత వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. ఓడరేవులో తమిళుల పక్కన పనిచేసి ఆయన నాలుగు తమిళ ముక్కలు నేర్చుకున్నాడు. రోజూ "సాప్పాడ్ ఆచ్చా?" అని, అంటే భోజనమైందా అని అడిగేవాడు. "ఆ, అయినాది బాబూ" అని ఈమె తెలుగులో చెప్పేది. ఆ తర్వాత ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవారు. ఎవరైనా కుర్రాడు గీత బయట నిలబడి సిగరెట్ వెలిగిస్తే పెద్దమ్మ వేలితో గీత చూపించేది. కుర్రాళ్ళు లోపలికి వచ్చేసేవారు.

పాపకు టీకా వేయించడానికి పాలీక్లినిక్‌కి బయలుదేరిన రోజు జరిగింది అసలు సంగతి. పెద్దమ్మ గీత లోపల చుట్ట తాగుతూ కూర్చుంది. నేను పిలిచేసరికి గబగబా వచ్చింది, నోట్లో చుట్ట సంగతి మరిచిపోయింది. నేను పాప గొడవలో పడి చూసుకోలేదు. బస్టాపులో మామూలు బట్టల్లో ఉన్న ఒక యువకుడు దగ్గరికొచ్చి, పొగ తాగేవాళ్ళని పట్టుకునే ఆఫీసరునని కార్డు చూపించాడు.

"ఆంటీ నోట్లో ఉన్నది వెలుగుతోందా?" అని నన్నడిగాడు. పాపం, అతనికి కనిపిస్తున్నది వెలిగించని కొస.

"ఏటంతన్నాడు?" అంది పెద్దమ్మ.

"వెలుగుతోందా అని అడుగుతున్నాడు, పెద్దమ్మా."

"ఎలగకపోతే నోట్లో ఎందుకెట్టుకుంతాను?" అంటూ చుట్ట బయటికి తీసి నిప్పు చూపించింది. అప్పుడు గుర్తొచ్చింది, తనున్నది బస్టాపని. గబుక్కున దాన్ని ఆర్పేసి, "తప్పయిపోనాది బాబూ, మరిసిపోనాను. ఎంతో సెప్పు, కట్టేస్తాను" అంది.

అతను ఫోన్ తీసి పై ఆఫీసరుకి విషయం చెప్పాడు. "నో సర్, నిప్పు లోపల సర్. యెస్ సర్, నోటి లోపలే" అని రెండు మూడు సార్లు చెప్పవలసి వచ్చింది. చివరికి ఫోన్ పెట్టేసి, కొత్త రూలు కాబట్టి ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నానన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "నోరు కాలదా ఆంటీ?" అని అడిగాడు. ఆ అడగడం ఆఫీసరు అడిగినట్టు లేదు.

పాలీక్లినిక్‌లో టీకా అయ్యాక, నేను నవ్వుతూ ఈ కథంతా నర్సుకి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పెద్దమ్మను నోరు తెరవమని టార్చి వేసి అంగిలి చూసి, అక్కడే ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది. ఇంకా పుండు పడలేదు గాని అంగిలి తెల్లబడి మందం కట్టిందని, నిప్పు ఇలాగే లోపల పెట్టుకుంటే చెడ్డ జబ్బుకి దారి తీయవచ్చని డాక్టరు చెప్పింది. నేను పెద్దమ్మకి తెలుగులో చెప్పాను.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో, కిటికీలోంచి చూస్తూ, "మీ అమ్మమ్మకీ అంగిట్లోనే లేసిందే పుండు. గంజి కూడా దిగీది కాదు" అంది. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఏ జబ్బుతో పోయిందో ఇంట్లో ఎవరూ చెప్పగా వినలేదు. పాపను ఆమె ఒళ్ళో పెట్టాను.

ఆ సాయంత్రం పాపను మా ఆయనకి అప్పగించి మేమిద్దరం కలిసే గీత లోపలికి వెళ్ళాం. పెద్దమ్మ చుట్ట ముట్టించి, నిప్పు బయటికే ఉంచి తాగబోయింది. వెంటనే దగ్గు. అంకుల్ నవ్వాపుకుంటూ వేళ్ళ మధ్య ఎలా పట్టుకోవాలో చూపించాడు.

"రుసే లేదు, ఉప్పెయ్యని పప్పులాగున్నాది" అంది పెద్దమ్మ. సగంలోనే పారేసి టీ తెప్పించమంది.

ఆ రుచి లేకపోవడమే కలిసొచ్చింది. కిందికి దిగడం తగ్గింది, దిగినా టీకే దిగేది. ఊరెళ్ళాక మాత్రం మళ్ళీ మొదలుపెట్టిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. కాని నిప్పు మళ్ళీ లోపల పెట్టలేదు. సింగపూర్ ఎళ్ళొచ్చి చుట్ట తిరగేసిందని వీధిలో వాళ్ళంతా నవ్వుకుంటున్నారట. ఏడాది తర్వాత విశాఖపట్నంలో చూపిస్తే అంగిట్లో తెలుపు పలచబడిందన్నారు. ఆ మాట చెప్పడానికి పెద్దమ్మే స్వయంగా ఫోన్ చేసి, పనిలో పనిగా పాపకు పళ్ళొచ్చాయా అని అడిగింది.