టీతో మింగిన మాత్ర

ఆఫీసువాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో నాకు ఫ్యాటీ లివర్ అని వచ్చింది. రిపోర్టు ఫోన్‌లో తెరిచింది క్యాబ్‌లోనే. హఫీజ్‌పేట్ దగ్గర ఆగిపోయిన ట్రాఫిక్‌లో కూర్చుని ఆ రెండు మాటలే మళ్లీ మళ్లీ చదివాను. మా నాన్న తాగి తాగి, లివర్ పాడై చనిపోయారు. ఆ భయంతోనే నేను టీమ్ పార్టీల్లో నిమ్మకాయ సోడా దాటి ఎప్పుడూ వెళ్లలేదు. అయినా అదే జబ్బు నన్ను వెతుక్కుంటూ వచ్చిందని ముందు ఒళ్లు మండింది, ఆ తర్వాత భయం పట్టుకుంది.

ఇంట్లో అత్తమ్మకు చెప్పాలంటే ఇంకా భయం. ఆమెది నల్గొండ వైపు పల్లె. లివర్ జబ్బు, ఆమె మాటల్లో కార్జం జబ్బు, అంటే ఆమెకు తెలిసిన కారణం ఒకటే. అయినా చెప్పాను.

"ఆఫీసుల ఏమన్న తాగుతున్నవా బిడ్డా?" అంది.

"లేదత్తమ్మా."

"మరేంది ఇది?"

అది తెలియకే నేను చస్తున్నాను.

రిపోర్టు పట్టుకుని వెళ్తే డాక్టరమ్మ కూడా మొదట తాగుడు గురించే అడిగింది. లేదన్నాక రక్తపరీక్ష చూసి, థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారా అంది. రోజూ మానకుండా వేసుకుంటానని కాస్త గర్వంగానే చెప్పాను.

"మరి టీఎస్‌హెచ్ ఇంత ఎక్కువుందేంటండీ? మందు ఒంటికి పడితే ఇది తగ్గాలి కదా. మాత్ర దేంతో వేసుకుంటారు?"

టీతో. మా ఇంట్లో అదే పద్ధతి. కింద క్యాబ్ హారన్ కొడుతుంటే అత్తమ్మ ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో మాత్ర అందిస్తుంది. ఆమెకూ థైరాయిడ్ ఉంది, ఆమె కూడా అలాగే వేసుకుంటుంది. పరగడుపున ఉత్త నీళ్లతో మింగితే కడుపులో తిప్పుతుందని ఆమె నమ్మకం.

డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. నీళ్లతోనే వేసుకోవాలట. వెంటనే టీ తాగితే మందు సరిగా ఒంటికి పట్టదట. థైరాయిడ్ మందగిస్తే ఒళ్లు కొవ్వును ఖర్చు చేయడమూ మందగిస్తుంది, అది లివర్‌లో పేరుకునే అవకాశం పెరుగుతుంది. తప్పంతా థైరాయిడ్‌దే అనలేం, కూర్చుని చేసే ఉద్యోగం, బయటి తిండి కూడా చూసుకోవాలి, ఇప్పుడైతే తగ్గించుకోవచ్చు అంది. తగ్గించుకోవచ్చు అందే గానీ తగ్గుతుందని అనలేదు. దారి పొడుగునా నాకు అదే గుబులు.

ఇంటికొచ్చి అంతా అత్తమ్మకు చెప్పాను. తాగుడు అనుమానం తీరిందని నాకు కొంచెం ఊరట కలిగింది.

మర్నాడు పొద్దున అత్తమ్మ మాత్రతో పాటు నీళ్ల గ్లాసు ఇచ్చింది. టీ కోసం నాకు ప్రాణం లాగేస్తోంది, ఆమె ఇంకా స్టవ్ వెలిగించలేదు. తన మాత్ర చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది.

"నేను సుత ఇన్నేండ్ల సంది చాయ్‌తోనే మింగుతున్న గద బిడ్డా. నా కార్జం జర డాక్టరమ్మకు చూపిస్తవా?"

కింద హారన్ మోగుతూనే ఉంది. డ్రైవర్‌కు ఫోన్ చేసి, ఈ రోజు నేను రావడం లేదని చెప్పాను.