హవా మహల్‌లో లేని కిటికీ

చాచా పోయారని మొన్న ఆదివారం పొద్దున కడప నుంచి ఆయన పెద్దకొడుకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఈ అరబ్బు దేశంలో, ఇబ్రా అనే ఊళ్ళో మా హార్డ్‌వేర్ దుకాణం ముందు, అప్పుడే లారీలోంచి దించిన పైపులు లెక్కపెట్టుకుంటున్నాను. రెండు నెలల సెలవు మీద ఇంటికెళ్ళిన మనిషి, పొద్దున నమాజుకని లేచి, వజూకని కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ అక్కడే కూలబడ్డారట. మెసేజ్ రెండుసార్లు విన్నాను. పైపుల లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ ప్రేమ గురించి రాస్తారు. నాకూ అలా రాయాలనే ఉంది. కానీ పదకొండేళ్ళు ఒకే దుకాణంలో, ఒకే రూమ్‌లో ఉండి నేను ఆయన మీద పెంచుకున్నది ముఖ్యంగా కుళ్ళు. అసూయ అంటే కొంచెం మర్యాదగా వినిపిస్తుంది గానీ, నాది కుళ్ళే. అది దాచిపెట్టి ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు రాస్తే, ఆయనకు నేను చేసే రెండో మోసం అవుతుంది. మొదటిది ఏమిటో చెప్తాను.

చాచాది కడప దగ్గర ఒక పల్లె. మూడో తరగతిలో బడి మానేశారు. మా అర్బాబ్, అంటే మా యజమాని, చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే అతని తండ్రి దగ్గర పనికి కుదిరి, ఆ ఇంటి మనిషే అయిపోయారు. దుకాణంలో స్టోరు ఆయనది, కౌంటర్ నాది. నేను నల్లగొండలో బీఏ హిస్టరీ చదివాను. ఇబ్రాలో హిస్టరీతో ఎవరికి పని, కౌంటర్ దగ్గర నిలబడటానికి సరిపోయింది. ఆయన అరబ్బీ మాట్లాడితే ఊరి పెద్దలు కుర్చీ లాక్కుని మరీ కూర్చునేవారు. నా అరబ్బీ ‘ఉంది, లేదు, రేపు రా’ దాటి పోలేదు. నా కుళ్ళు అక్కడ మొదలైంది.

విరిగిన కళ్ళజోడు కాడకు, పైపు మరలకు చుట్టే తెల్లటేపు చుట్టుకునేవారు. కొత్తది కొనుక్కోమంటే ఇది బాగానే ఉందిగా అనేవారు. పాలు లేని టీలో చక్కెర వేసుకోకుండా, ఖర్జూరం బుగ్గన పెట్టుకుని తాగేవారు. తనకంటే పెద్దవాళ్ళు నిలబడి ఉంటే తను కూర్చునేవారు కాదు. తెలియనిది తెలిసినట్టు నటించడం ఆయనకు చేతకాదు. ఎవరైనా ఏదైనా అడిగితే, “నాకు తెల్దు. నిలబడు, తెలిసినోన్ని అడిగొస్తా” అని సరాసరి నా దగ్గరికి వచ్చేవారు. కస్టమర్ల ముందు నన్ను ‘ఉస్తాద్’ అని పిలిచేవారు. మాస్టారూ అన్నట్టు. వెక్కిరిస్తున్నారని చాలాకాలం అనుకున్నాను.

మూడేళ్ళ కిందట చలికాలంలో అర్బాబ్ తన తల్లినీ, భార్యాపిల్లలనీ తీసుకుని ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ చూడటానికి బయల్దేరాడు. కారు, హోటళ్ళు, వెంట ఉండి అన్నీ చూపించే గైడు, అంతా ముందే ఏర్పాటైంది. గైడు చెప్పేది హిందీలో. తల్లికి అరబ్బీ తప్ప రాదు. ఆమెకు విప్పి చెప్పడానికి నమ్మకమైన మనిషి ఒకరు కావాలి. చాచాను తీసుకెళ్తున్నానని అర్బాబ్ దుకాణంలోకి వచ్చి చెప్పాడు. నా వైపు చూడను కూడా లేదు.

నాకు అంత మంట ఎందుకో చెప్పాలి. డిగ్రీ రెండో ఏడు మా కాలేజీవాళ్ళు ఇదే టూరు వేశారు. లిస్టులో నా పేరు మూడోది. రైలెక్కాల్సిన రోజు నాకు అమ్మవారు పోసింది. వేపాకుల మీద పడుకుని, తాజ్‌మహల్ ఎన్నేళ్ళు కట్టారో మా చెల్లెలికి చెప్పుకుంటూ గడిపాను. స్నేహితులు తిరిగొచ్చి ఒక కీచైన్ చేతిలో పెట్టారు. ఆ తర్వాత కుదరనే లేదు. చదివీ చదివీ ఆ ఊళ్ళు నాకు వీధి వీధి తెలుసు. తెలిసినవాణ్ణి నేను, పోయేది ఆయన.

“కుతుబ్ మీనార్ ఎవరు కట్టించిండో తెలుసా చాచా నీకు” అని ఆ సాయంత్రం అడిగాను.

“తెల్దు నాయనా. నువ్వుండావు కదా” అన్నారు ఆయన, పెట్టెలో చొక్కాలు సర్దుకుంటూ.

అన్నట్టే, రోజూ పొద్దున హోటల్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చేది. “నాయనా, ఈ పొద్దు ఎర్రకోటంట. పెద్దమ్మకు ఏం చెప్పల్ల? గైడు బిరబిరా చెప్తాండాడు, సగం నాకు అందడంల్యా.” పెద్దమ్మ అంటే అర్బాబ్ తల్లి. నేను కౌంటర్ మీద మోచేతులు ఆనించి, ఎవరు కట్టించారు, ఎవరు కూలదోశారు, రాయి ఎక్కడి నుంచి వచ్చింది, అంతా విడమరిచి పంపేవాణ్ణి. ఢిల్లీ, ఆగ్రా రెండూ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను. చెప్తున్నంతసేపూ ప్రాణం లేచొచ్చేది. పంపాక ఏడుపొచ్చేది.

ఆగ్రా నుంచి అర్బాబ్ స్టేటస్‌లో ఒక ఫోటో పెట్టాడు. తాజ్ ఎదుట రాతిబల్ల మీద పెద్దమ్మ, చుట్టూ పిల్లలు, మధ్యలో చెయ్యెత్తి ఏదో చెప్తున్న చాచా. అందరి కళ్ళూ ఆయన మీదే. తాజ్ వైపు ఒక్కరూ చూడటం లేదు. ఆ నోట్లో ఉన్నది నా మాట. ఆ రోజంతా ఫోన్ తీసి తీసి అదే చూశాను. అన్నం సయించలేదు.

మర్నాడు జైపూర్. “హవా మహలంట నాయనా. అన్ని కిటికీలు ఎందుకంట?”

అసలు సంగతి ఎవరైనా చెప్తారు. రాజుగారింటి ఆడవాళ్ళు బయటికి కనపడకుండా వీధిలో ఊరేగింపులు చూడటానికి. నేను అది చెప్పలేదు. “మంచిగ విను చాచా. తొమ్మిది వందల పైన కిటికీలుంటయి. అండ్ల ఒక్కటి ఎప్పుడు మూసే ఉంటది. రాణి వాళ్లన్న సముద్రం దాటి పోయిండు, మళ్ల రాలే. ఆయన వచ్చిన్నాడే తెరవాలని రాణి ఒట్టు పెట్టింది. ఇప్పటికీ తెరవలే” అన్నాను. మొత్తం నా కల్పన. గైడు పగలబడి నవ్వాలి, అందరి ముందూ చాచా నవ్వులపాలు కావాలి, కౌంటర్‌లో అబ్బాయిని తెచ్చుకుని ఉంటే బాగుండేదని అర్బాబ్ అనుకోవాలి. నా ఆశ అది.

చాచా తిరిగొచ్చారు. పరువు పోయిన మనిషిలా ఏమీ లేరు. నాకు ఆగ్రా పేఠా డబ్బా, జైపూర్‌లో గైడు ఇచ్చిన ఇంగ్లీషు కరపత్రం తెచ్చారు. “దీంట్లో ఏమన్నా తప్పులు రాసినారేమో నువ్వు సూడు నాయనా” అన్నారు. కరపత్రం పెట్టె అడుగున పడేశాను. పేఠా మాత్రం తిన్నాను.

ఆ వారంలోనే ఆయన స్టోరులో అరగంట కూర్చుని ఇత్తడి గడియలు ఒక్కొక్కటే వెలుతురులోకి తీసి చూశారు. “పెద్దమ్మ ఇంటికి. చిలుము పట్టనిది కావల్ల” అన్నారు.

“గడియకు గింత పరీక్షేంది చాచా, పెండ్లిపిల్లను చూస్తున్నవా” అని ఎగతాళి చేస్తూ బిల్లు కొట్టాను. ఆయనా నవ్వారు.

అప్పటి నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం, దుకాణం కట్టేసిన వేళ, పెద్దమ్మ ఇంటికి వెళ్ళి రావడం మొదలుపెట్టారు. ఏం పని అని నేను అడగలేదు. మాంసం, అన్నం పెట్టి పంపుతున్నారనుకుని దానికి కూడా కుళ్ళుకున్నాను.

ఒకసారి చెప్పేద్దామని నోరు తెరిచాను. రూమ్‌లో ఇద్దరమే ఉన్నాం, ఆయన ఉల్లిగడ్డలు కోస్తున్నారు. “చాచా, గా కిటికీ ముచ్చట...” అన్నాను.

“ఆ మాట పెద్దమ్మకు శానా తగిలింది నాయనా” అన్నారు ఆయన. “ఆ యమ్మ చిన్నప్పుడే వాళ్ళ నాయన సముద్రం దాటి జాంజిబార్ పోయినాడంట. మళ్ళా రాల్యా. జైపూర్‌లో వీధిలో నిలబడి ఏడ్సింది. ఇన్నేండ్లుగా ఆ ఇంట్లో తిరుగుతాండా, ఆ యమ్మ ఏడ్సేది ఎప్పుడూ సూడల్యా.”

నేను నోరు మూసుకున్నాను. భయపడి కాదు. నా మాటకు వచ్చిన ఆ కన్నీళ్ళు కూడా ఆయనకే దక్కాయని ఉడుక్కున్నాను. అబద్ధం ఆడినవాడికి కూడా మెప్పు కావాలి మరి.

ఖననం కడపలోనే అయింది. ఇక్కడ అర్బాబ్ తన ఇంట్లో మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ తెరిచి, మంగళవారం సాయంత్రం పరామర్శకు కూర్చున్నాడు. సగం బజారు వచ్చింది. ప్లంబర్లు, మేస్త్రీలు, తెల్లటి పొడుగు అంగీల్లో ఊరి పెద్దలు. అందరికీ ఖర్జూరం, అరబ్బుల కాఫీ కహ్వా. ఒక స్టోర్ కీపర్ కోసం ఇంతమంది. నేను పోతే ఈ ఊళ్ళో ఎవరు తలుపు తెరుస్తారు అని ఆ గోడకు ఆనుకుని కూర్చుని కూడా ఆలోచిస్తున్నాను. చెప్పాను కదా, కుళ్ళని.

జనం పలచబడ్డాక అర్బాబ్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అరబ్బీ కలిసిన హిందీలో చెప్పుకొచ్చాడు. “ఆయనకు కోపం రావడం నేను ఒక్కసారే చూశాను. జైపూర్‌లో. మూసిన కిటికీ సంగతి మా అమ్మకు చెప్తుంటే గైడు విని నవ్వాడు. అలాంటిదేమీ లేదు, ఈ ముసలాయనకు ఎవరో కథ చెప్పారు అన్నాడు. మీ చాచా మొహం ఎర్రబడిపోయింది. ‘మా ఉస్తాద్ దీనికోసమే కాలేజీలో చదివాడు. వాడు చెప్పింది తప్పు కాదు. నువ్వే సరిగ్గా తెలుసుకో’ అని నడివీధిలో వాదన పెట్టుకున్నాడు. చివరికి గైడే, అయుండొచ్చు సాబ్ అని తప్పుకున్నాడు.”

నా చేతిలో కహ్వా చల్లారిపోయింది. నేను కోరుకున్న నిమిషం కోరుకున్నట్టే వచ్చిందన్నమాట. ఆ నిమిషంలో ఆయన నా పక్షాన నిలబడ్డారు. తిరిగొచ్చి గైడు నవ్వాడని ఒక్క మాట కూడా నాకు చెప్పలేదు. చెప్తే నా మనసు కష్టపడుతుందనుకున్నారేమో.

లోపలి గుమ్మం దగ్గరికి పెద్దమ్మ కర్ర ఆనించుకుంటూ వచ్చింది. ఉస్తాద్ నువ్వేనా అని అడిగింది. లేచి నిలబడి తల ఊపాను. ఆమె చెప్పింది కొడుకు నాకు హిందీలో చెప్పాడు. “ఏ కిటికీయో ఆయన చూపించలేకపోయాడు. ఉస్తాద్‌కు తెలుసు, ఈసారి వాణ్ణి తీసుకొద్దాం అన్నాడు. ఈ చలికాలం అమ్మ మళ్ళీ వెళ్దామంటోంది. నువ్వు రా. వచ్చి అమ్మకు చూపించు.”

ఇరవై ఏళ్ళ కోరిక. వేపాకుల మీద పడుకుని కన్న కల. అడక్కుండా వచ్చి ఎదుట నిలబడింది. వెళ్తే అన్ని కిటికీల్లో దేనివైపు వేలెత్తాలి? నిజం చెప్పేస్తే ఆ ఇంట్లో అబద్ధాలకోరుగా మిగిలేది నేను కాదు, చాచా. ఆమెకు ఆ మాట చెప్పిన నోరు ఆయనది.

“నేను రాలేను, దుకాణంలో మనిషి ఉండాలి” అన్నాను. అర్బాబ్ వింతగా చూశాడు. పెద్దమ్మ కర్రతో మజ్లిస్ చివర చూపించింది. వీధి వైపు నాలుగు కిటికీలు. మూడు తెరిచి ఉన్నాయి, ఒకటి మూసి ఉంది. దాని గడియ నేను బిల్లు కొట్టిన ఇత్తడి గడియ. జైపూర్ నుంచి వచ్చిన వారంలో పెద్దమ్మ తన తండ్రి పేరు మీద మూయించిందని అర్బాబ్ చెప్పాడు. గురువారం గురువారం చాచా వచ్చి దాన్ని తుడిచి వెళ్ళేవారట. ఇక ఎవరు తుడుస్తారు అని అడిగింది.

నేను తుడుస్తానన్నాను.

నాకు ఇప్పుడు కూడా ఆయన మీద అసూయే. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క మనిషినీ అలా నమ్మలేదు. ఆ మూడో తరగతి మనిషికి అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళెవరినైనా అడుగుదామంటే ఆయన లేరు.

నిన్న గురువారం. దుకాణం కట్టేసి తడిగుడ్డ పట్టుకుని వెళ్ళాను. అద్దాలు తుడిచాను, చట్రం తుడిచాను. రెండు నెలల దుమ్ము గుడ్డకు అంటింది. గడియ మీద నూనె రాసిన జాడ ఇంకా ఉంది, మూడేళ్ళలో ఎవరూ తీయని గడియ, చిలుము చుక్క లేదు. చెయ్యి దాని మీదికి పోబోతుంటే లోపలి నుంచి పెద్దమ్మ, ఆయన గడియను చివర్న తుడిచేవాడు అంది. ఆ మాత్రం అరబ్బీ నాకు అర్థమైంది. చట్రం మూలలు ఇంకోసారి తుడిచి, గడియను చివర్న తుడిచాను.