వడ్లు ఆరిన ఈతకొలను

మా ఇంటి వెనక ఉన్నదాన్ని నేను స్విమ్మింగ్ పూల్ అంటాను. మా ఆవిడ గుంత అంటుంది. మిర్యాలగూడ నుంచి త్రిపురారం పోయే దారిలో ఎవరిని అడిగినా "నీలం గుంత సారు ఇల్లా?" అని దారి చూపిస్తారు. ఒకప్పుడు అది మామిడి మొక్కలకు నీళ్ళు పెట్టేందుకు కట్టిన పెద్ద తొట్టి, హౌజు. మొక్కలు ఎండిపోయాయి, హౌజు మిగిలింది. దానికి నీలం టైల్స్ వేయించి, ఒక మూల మెట్లు కట్టించి, పట్టుకోవడానికి చుట్టూ స్టీలు పైపు పెట్టించాను. ఆ రోజు నుంచి మహారాజులతో సమానంగా నాకూ ఒక ఈతకొలను ఉంది. మహారాజులకు లేని పని కూడా ఒకటి ఉంది. దాన్ని కడగడం.

మామూలుగా నేను ఆ పనిని వానాకాలానికి వదిలేస్తాను. ఈసారి మాత్రం ఉగాదికి ముందే నడుం కట్టాల్సి వచ్చింది. కారణం మా అక్క.

అక్క ఉండేది కోదాడలో. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డందుకు మోకాళ్ళు ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నాయి. సూర్యాపేటలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆపరేషన్ మాట తర్వాత, ముందు ఛాతీ లోతు నీళ్ళలో రోజూ నడవండి, ఎండలు పోయేలోగా మోకాలు వంగకపోతే అప్పుడు కోయక తప్పదు అన్నాడట. అక్కకు కత్తి అంటే ఎంత భయమంటే, ఇంట్లో పుచ్చకాయ కోస్తుంటే పక్క గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. వాళ్ళ ఊళ్ళో ఉన్న కొలనులో పొద్దస్తమానం కుర్రాళ్ళు కొండ మీంచి బండరాళ్ళు పడ్డట్టు దూకుతుంటారు. అందుకని నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, నీ దగ్గరేదో కొలను ఉందంటావుగా. అందులో నీళ్ళుంటాయా, లేకపోతే అది కూడా నీ మాటల్లాంటిదేనా?"

"నువ్వు రా అక్కా. ఉగాది పోయేటాల్లకు అద్దం లెక్క చేసి పెడ్త. వంగి సూస్తే నీ మొఖం నీకే కనబడ్తది."

"నా మొహం నేను రోజూ చూసుకుంటూనే ఉన్నాలే. నాకు నీళ్ళు కావాలి."

మాట ఇచ్చేశాను. ఇక పోరు వాతావరణానికీ నాకూ.

మొదటి దాడి మా వేపచెట్టుది. ఆ వసంతంలో అది రాల్చిన పూతతో ఈ జిల్లా మొత్తానికి పచ్చడి చేయొచ్చు. పొద్దున లేచేసరికి నీళ్ళ మీద తెల్లటి దుప్పటి పరిచి ఉండేది. వలతో తోడి, వెనక్కి తిరిగి, ఒళ్ళు విరుచుకునేలోపు ఇంకో దుప్పటి. రెండో దాడి మిల్లులది. మా దిక్కు గాలి మళ్ళిందంటే ఊక కాల్చిన బూడిద నల్లగా, మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా దిగుతుంది. ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి చుక్కల చొక్కా అవుతుంది. వేప పూత, ఊక బూడిద, కోతమిషన్లు లేపే దుమ్ము, ఇవన్నీ నీళ్ళలో కలిసి మూడు రోజులు ఎండలో మగ్గితే అడుగున పాచి పుడుతుంది. అది మామూలు పాచి కాదు. చీపురుతో రుద్దితే చీపురు అరిగింది. నా కాలు జారి నేను కూర్చున్న చోట టైలు కొద్దిగా అదిరింది కానీ పాచి కదల్లేదు.

పటిక వేశాను. బ్లీచింగు చల్లాను. నీళ్ళు పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి టీ రంగుకు మారాయి తప్ప తెల్లబడలేదు. చివరికి పళ్ళు కొరికి, అడుగున ఉన్న తూము తీసి నీళ్ళన్నీ వదిలేశాను. అక్క రావడానికి ఇంకా వారం ఉంది. ఎండలో పాచిని మాడ్చి, గీకి, కొత్త నీళ్ళు పెట్టాలని పథకం. మా బోరు మాఘమాసంలోనే నోరు వెళ్ళబెట్టింది కాబట్టి కొత్త నీళ్ళు పక్క పొలం అత్త బోరు నుంచే రావాలి.

ఈ అత్త నాకు చుట్టం కాదు. పక్కపక్కన ఉండి వరసలు కలుపుకున్నాం. అరవై దాటిన మనిషి. ఎకరాలకు ఎకరాలు వరి ఒంటి చేత్తో నడిపిస్తుంది. గొంతు విప్పిందంటే అటు దామరచర్ల దాకా కొంగలు లేస్తాయి. నేను పాచి గీకుతుంటే గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది.

"ఏందల్లుడా, గుంతను గంత నున్నగ గీకుతున్నవ్? అండ్ల పెండ్లి గిట్ల చేస్తవా?"

"మా అక్క వస్తుందత్తా. నీళ్ళల్ల నడవాల్నట. శుక్రవారం రాత్రి నుంచి జర నీ బోరు ఇయ్యాలె."

"బోరుదేమున్నది, ఇస్త. గనీ..." అని అత్త గుంతలోకి వంగి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. వరి కోతలప్పుడు మా వైపు ఏ మనిషికైనా చదునైన నేల కనిపిస్తే అదే చూపు. రోడ్డు, బడి ఆవరణ, మిద్దె, ఏదైనా సరే, వాళ్ళ కంటికి అది ఆరబోత కళ్ళమే. "గిది సూడు, నాలుగు దిక్కుల గోడలాయె. గాలికి వడ్లు పోవు. మేకలు దిగవు. కింద టైల్సు పెనం లెక్క కాల్తున్నయ్. కొనేటోళ్ళు తేమున్నదని నా వడ్లు ఎనక్కి పంపిన్రు. రెండు ఎండలు తగిలితే సాలు. శుక్రారం ఎత్తేస్త."

బోరు ఆమెది. ఒప్పుకోకుండా ఎలా ఉంటాను? నిజం చెప్పాలంటే నాకు కూడా ఆ ఆలోచన మహా గొప్పగా తోచింది. ఎండిన పాచి మీద వడ్లు దొర్లితే నాకు గీకే పని తప్పుతుంది కదా అనుకున్నాను. తూములోకి గింజలు పోకుండా ఇద్దరం కలిసి గోనెసంచి కుక్కాం. ఆ కుక్కడంలో మా ఇద్దరికీ ఎంత ఐకమత్యం వచ్చిందంటే, సమ్మెట పెట్టి మరీ కొట్టాం.

మా ఆవిడ వచ్చి చూసి, "ఏందయ్యా, ఒదినెకు నీళ్ళని చెప్పి వడ్లు పెడ్తున్నవా?" అంది.

"శుక్రవారం దాకనే."

"వానొస్తే?"

అత్తా, నేనూ ఒకేసారి ఆకాశం వైపు చూశాం. మబ్బు తునక లేదు. ఎండ మా ఇద్దరి నెత్తి మీదా అప్పడాలు కాలుస్తోంది. "వాన ఏడికెల్లి వస్తదే పిల్లా!" అని అత్త నవ్వింది. నేనూ నవ్వాను. మా నవ్వు ఎక్కడిదాకా వినిపించిందో గురువారం తెలిసింది.

అక్క కూడా చెప్పిన శనివారం దాకా ఆగలేదు, ఆ గురువారమే దిగింది. బస్సు ఖాళీగా ఉందట. చేతిలో సంచి, సంచిలో నీళ్ళలో దిగడానికి ప్రత్యేకంగా కుట్టించుకున్న చుడీదారు. రెండో చేత్తో కర్ర. గేటు దగ్గర్నుంచి కొలను దాకా ఆ కొద్ది దూరం నడవడానికి ఆమె పడ్డ బాధ చూసి నేను ఎదురెళ్ళి సంచి అందుకున్నాను. కొలను అంచున నిలబడి లోపలికి చూసింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా బంగారు రంగులో వడ్లు.

"ఏరా."

"అక్కా."

"నీళ్ళెక్కడ్రా?"

"వస్తున్నయక్కా. తోవల ఉన్నయ్."

అత్త లోపల నిలబడి కాళ్ళతో వడ్లు తిరగేస్తోంది. అలా పాదాలు ఈడుస్తూ చాళ్ళు తీస్తూ పోతేనే అడుగు గింజ పైకి వచ్చి సమంగా ఆరుతుంది. అక్క ఆమెను కాసేపు చూసింది. తర్వాత చెప్పులు విప్పి, స్టీలు పైపు పట్టుకుని, ఒక్కో మెట్టుకు ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటూ కిందికి దిగింది. "నీళ్ళొచ్చేదాకా ఖాళీగా కూర్చోవడం ఎందుకు? డాక్టరు నడవమన్నాడు" అని పైపు పట్టుకుని తనూ ఒక చాలు తీయడం మొదలుపెట్టింది.

"సారుకు సొంత అక్కవేనా?" అంది అత్త.

"అక్కనే. ఎందుకలా అడుగుతున్నారు?"

"నీకు సిగ్గున్నది. ఆయనకు లేదు."

ఇద్దరూ ఆ క్షణం నుంచి స్నేహితులు.

మధ్యాహ్నం మూడింటికి గాలి ఆగిపోయింది. వేపచెట్టు మీద ఆకు కదల్లేదు. పడమట, చూస్తుండగానే, ఇటుకబట్టీ పొగలాంటి మబ్బు లేచింది. అత్త ముక్కు పైకెత్తి వాసన చూసి, నేను జన్మలో వినని గొంతుతో "అల్లుడా, సంచులు!" అని అరిచింది.

ఇక ఆ అరగంటకు యుద్ధాలన్నీ కలిపినా సరిపోవు. కళ్ళమైతే నాలుగు వైపుల నుంచి ఎత్తొచ్చు. ఇది గోడలున్న గుంత. మేకలను ఆపిన గోడలే ఇప్పుడు మమ్మల్నీ ఆపాయి. పైకి వచ్చే దారి ఒక్క మూల మెట్లే. నేను సంచి భుజానికెత్తి మెట్లెక్కుతుంటే మోకాళ్ళు మా అక్కవే నాకు పెట్టినట్టుంది. మా ఆవిడ పైన అందుకుని వరండాలోకి ఈడుస్తోంది. అత్త చెక్కపలకతో కుప్ప చేస్తోంది. అక్క కింద ఒక మూల గోడకు ఆనుకుని నిలబడి, సంచుల మూతులు తెరిచి పట్టుకుంటోంది. నువ్వు పైకి పో అక్కా అన్నాను.

"ఎక్కడానికి నాకు పట్టే టైములో మీరు నాలుగు సంచులు నింపుతారు. పని చూడు."

మొదటి చినుకు రూపాయి బిళ్ళంత పడింది. రెండోది చినుకు కాదు, రాయి. రాళ్ళవాన! నిమ్మకాయలంత అని నేను చెబితే మా ఆవిడ రేగుపళ్ళంత అంటుంది. నా నెత్తి మీద పడ్డవి మాత్రం నిమ్మకాయలే. వడ్లు చాలావరకు పైకి చేర్చాం. మిగిలినవి నీళ్ళలో తేలాయి. తూములో మేం సమ్మెటతో కొట్టిన గోనె అద్భుతంగా పనిచేసింది, ఒక్క చుక్క బయటికి పోలేదు. అక్క నెత్తి మీద గంప బోర్లించుకుని నిలబడింది. నీళ్ళు ఆమె పాదాలు దాటి పిక్కలు ముట్టుకున్నాయి. గాలి ఒక్క ఊపు ఊపి ఎక్కడో చెట్టును తీగల మీద పడేసింది. కరెంటు పోయింది.

వాన వెలిశాక చూస్తే, పెరట్లో నీళ్ళూ అందులోకే దూకి, కొలనులో మోకాలు లోతు నీళ్ళు. పైన పొట్టు, తాలు, వేపాకు, బూడిద, కరిగే మంచు ముక్కలు. అక్కను అత్తా, నేనూ చెరో రెక్క పట్టుకుని పైకి తెచ్చాం. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"అక్కా, నా మాట ఇను. రేపు కోదాడ పో. ఇదంతా ఎత్తిపోసి, కడిగి, వచ్చే నెల నేనే వచ్చి తీస్కపోత."

అక్క తువ్వాలుతో తల తుడుచుకుంటూ, బడిలో తప్పు లెక్క చూసినప్పటి చూపు చూసింది. "వచ్చే నెల నీ చెట్టు పూత మానేస్తుందా? మిల్లులు ఆగుతాయా? గాలి నిన్ను అడిగి వస్తుందా? ఎండలు పోయేలోగా నా మోకాలు వంగాలి. లేకపోతే వాడు కోస్తాడు. వల ఎక్కడుందో చెప్పు."

మర్నాడు పొద్దున్నే అత్త తన రెండు వలలు, నాలుగు గంపలు, అంతులేని తిట్లతో వచ్చింది. తిట్లన్నీ మబ్బుకే. తాలు తోడాం, పొట్టు తోడాం. మంచె మీద కూర్చున్నట్టు అక్క గట్టు మీద కుర్చీ వేసుకుని, "ఆ మూల, ఆ మూల" అని కర్రతో చూపిస్తూ మాకు ఒక్క ఆకు మిగలనివ్వలేదు. సాయంత్రానికి కరెంటు వచ్చింది. గోనె పీకి మురికినీళ్ళు వదిలి, మళ్ళీ గీకి, అత్త బోరు పైపు తెచ్చి గోడ మీద వేశాం. రాత్రంతా, మర్నాడంతా అది పారింది. నీళ్ళు అద్దంలా లేవు. పలచటి మజ్జిగలా ఉన్నాయి. అక్క అవి చూసి లోపలికి పోయింది. చుడీదారు తొడుక్కుని వచ్చి దిగింది.

ఆ తర్వాత ఇరవై రోజులుగా వేప పూత రాలుతూనే ఉంది. బూడిద దిగుతూనే ఉంది. పొద్దున నేను వలతో ముందు పోతుంటే, నా వెనకే తోడిన దారిలో అక్క నడుస్తుంది. నిన్న కర్ర గట్టు మీద వదిలేసి, పైపు కూడా పట్టుకోకుండా రెండు మెట్లు ఎక్కింది. మూడో మెట్టు దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, వెనక్కి తిరిగి మళ్ళీ నీళ్ళలోకే దిగింది. పడమట దుమ్ము లేస్తోంది, కళ్ళలో ఇసుక కొడుతోంది.

"గాలి దుమారం వచ్చేటట్టున్నదక్కా, ఇగ పైకి రా" అన్నాను.

"నువ్వు లోపలికి పోరా. నాకింకా సగం ఉంది."

నేను లోపలికి పోలేదు. వల తీసుకుని ఆమె ముందు నడిచాను.